నీటిలో నడిచిన అర్థశాస్త్రం

కాలేజీలో మొదటిసారి అర్థశాస్త్రం చదివే విద్యార్థికి వంకాయల ధర ఎందుకు పెరిగిందో చెప్పటం అంత కష్టంగా ఉండదు. సంతకు సరుకు తక్కువ వచ్చింది, కొనేవాళ్లు ఎక్కువయ్యారు, ధర పెరిగింది. ఇది అతడు రోజూ చూస్తున్నదే. ఒక వస్తువును, ఒక దుకాణాన్ని, ఒక కుటుంబాన్ని విడిగా తీసుకొని విచారించే ఈ భాగాన్ని సూక్ష్మ అర్థశాస్త్రం అంటారు. ఆ తరవాత పుస్తకంలో రెండవ భాగం వస్తుంది. అందులో జాతీయాదాయం, మొత్తం వినియోగం, మొత్తం పొదుపు, మొత్తం పెట్టుబడి, సామాన్య ధరల మట్టం, నిరుద్యోగం అనే మాటలు కనిపిస్తవి. ఇది స్థూల అర్థశాస్త్రం. ఇక్కడ వంకాయలూ లేవు, సంతా లేదు. కంటికి కనిపించే వస్తువేదీ లేకపోయేసరికి విద్యార్థి సూత్రాలను వల్లె వేయటానికి పూనుకొంటాడు. పరీక్ష కాగానే అవి మరపున పడిపోతవి.

భౌతికశాస్త్రం బోధించేవారికి ఈ చిక్కు కొత్తది కాదు. విద్యుత్తు కూడా కంటికి కనిపించదు. అందుచేత తీగలో పోయే కరెంటును గొట్టంలో పారే నీటితో పోల్చి చెబుతాము. అర్థశాస్త్రానికి కూడా ఇటువంటి ఉపాయమొకటి 1949లో దొరికింది. దాన్ని కనిపెట్టినవాడు ఒక ఇంజనీరు. అతడు పోల్చి ఊరుకోలేదు. దేశపు ఆదాయాన్ని నిజంగానే రంగునీటిగా మార్చి గొట్టాలలో పారించి చూపాడు. ఆ యంత్రాన్ని అర్థం చేసుకొంటే స్థూల అర్థశాస్త్రంలోని మొదటి పాఠాలు చాలవరకు అర్థమైనట్లే. అది ఎక్కడ చాలదో తెలుసుకొంటే తరవాతి పాఠాలకు కూడా దారి దొరుకుతుంది.

ఇంటి లెక్క, దేశపు లెక్క

దేశానికి వేరుగా ఒక శాస్త్రం ఎందుకు? ఇంటి లెక్కలన్నీ కూడితే దేశపు లెక్క రాదా? ఈ ప్రశ్న సహజమైనది. ఒక గృహస్థు ఖర్చు తగ్గించి పొదుపు చేస్తే ఆ ఇల్లు బాగుపడుతుంది. మన పెద్దలు చెప్పిన ఈ మాటలో తప్పు లేదు. కాని ఊళ్లో అందరూ ఒకే ఏడు ఖర్చు తగ్గించారనుకొందాం. బట్టకు గిరాకీ పోతుంది. నేత పనివాని రాబడి తగ్గుతుంది. అతడు కిరాణాకొట్లో కొనే సరుకు తగ్గిస్తాడు. కొట్టు యజమాని గుమాస్తాను మానిపిస్తాడు. ఆ గుమాస్తా ఇంట్లో ఖర్చు ఇంకా తగ్గుతుంది. ఒకరి ఖర్చే మరొకరి రాబడి. కనుక అందరూ ఒక్కసారిగా చేయి బిగిస్తే అందరి రాబడీ తగ్గుతుంది; పొదుపు చేయదలచినవారు కూడా తాము తలచినంత పొదుపు చేయలేరు. విడి మనిషికి నిజమైనది సంఘం మొత్తానికి నిజం కాకపోవచ్చుననే ఈ విషయమే స్థూల అర్థశాస్త్రానికి పునాది.

ఇది కేవలం ఊహ కాదు. 1929లో అమెరికాలో మొదలైన ఆర్థిక మాంద్యం ప్రపంచమంతా పాకింది. 1933 నాటికి ఆ దేశంలో పని కావలసిన ప్రతి నలుగురిలో సుమారు ఒకరికి పని లేదు. ఫ్యాక్టరీలు ఉన్నవి, పొలాలు ఉన్నవి, పనివాళ్లు ఉన్నారు. పని మాత్రం లేదు. దేశపు ఆదాయం ఎంత పడిపోయిందో చెప్పటానికి ప్రభుత్వం చేతిలో సరియైన లెక్క కూడా లేదు. సైమన్ కుజ్నెట్స్ అనే ఆర్థికవేత్త 1934లో అమెరికా సెనేటుకు అందిన నివేదికలో ఆ లెక్క తేల్చాడు. 1929 నుంచి 1932 లోపల జాతీయాదాయం రూపాయికి ఎనిమిది అణాలన్నట్లు, దాదాపు సగానికి దిగిపోయింది. ఎందుకిట్లా జరిగిందో వివరిస్తూ ఇంగ్లండులో జాన్ మేనార్డ్ కీన్స్ 1936లో తన ప్రసిద్ధ గ్రంథం ప్రకటించాడు. ఈ రోజు కాలేజీలలో చెప్పే స్థూల అర్థశాస్త్రానికి అది మూలగ్రంథాలలో ఒకటి.

నిలువ, ప్రవాహం

మొదటి పాఠంలోనే విద్యార్థి పొరబడే చోటు ఒకటి ఉన్నది. ఆదాయం వేరు, ఆస్తి వేరు. దీనికి మన ఊరి చెరువును మించిన ఉదాహరణ లేదు. చెరువులో ఇప్పుడు ఎంత నీరున్నదని అడగవచ్చు. అది నిలువ. తూములోనుంచి రోజుకు ఎంత నీరు పోతున్నదని అడగవచ్చు. అది ప్రవాహం. నిలువకు కాలపరిమితి అక్కరలేదు; ఒక క్షణాన కొలుస్తాము. ప్రవాహానికి కాలపరిమితి లేకపోతే అర్థమే లేదు. "తూములోనుంచి వెయ్యి ఘనపుటడుగులు పోయింది" అంటే, ఎంతసేపట్లో అని వెంటనే అడుగుతాము. అట్లాగే ఒకరి పొలం, ఇల్లు, బ్యాంకులో ఉన్న సొమ్ము నిలువలు. జీతం, కూలి, అద్దె, లాభం ప్రవాహాలు. దేశంలో చలామణిలో ఉన్న ద్రవ్యం నిలువ. జాతీయాదాయం ప్రవాహం; అది ఏడాదికి ఇంత అని చెప్పవలసినదే.

జాతీయాదాయాన్ని కొలవటంలో మరొక జాగ్రత్త కావాలి. రైతు 40 రూపాయల ధాన్యం అమ్మాడు. మిల్లులో అది 60 రూపాయల బియ్యమయింది. హోటలులో ఆ బియ్యం 100 రూపాయల ఫలహారమయింది. మూడూ కూడి 200 అనరాదు. ధాన్యం విలువ బియ్యంలోనూ, బియ్యం విలువ ఫలహారంలోనూ ఇదివరకే ఉన్నది. రైతు 40, మిల్లు 20, హోటలు 40 - ఎవరు కలిపిన విలువ వారిదిగా లెక్కిస్తే మొత్తం 100. ఇదే సరియైన లెక్క. మన దేశంలో ఈ పనికి 1949లో జాతీయాదాయ సంఘాన్ని నియమించారు. పి. సి. మహలనోబిస్ అధ్యక్షులు, డి. ఆర్. గాడ్గిల్, వి. కె. ఆర్. వి. రావు సభ్యులు. స్వతంత్ర భారతదేశపు ఆదాయాన్ని శాస్త్రీయంగా అంచనా కట్టటం వారితో ఆరంభమయింది.

ఫిలిప్స్ యంత్రం

ఇక యంత్రం సంగతి. ఏ. డబ్ల్యు. ఫిలిప్స్ 1914లో న్యూజిలాండులోని ఒక పాడిరైతు కుటుంబంలో పుట్టాడు. ఎలక్ట్రికల్ ఇంజనీరుగా తయారైనాడు. రెండవ ప్రపంచయుద్ధంలో జపానువారికి చిక్కి, మూడేళ్లకు పైగా జావాలో యుద్ధఖైదీగా గడిపాడు. ఆ నిర్బంధంలో కూడా రహస్యంగా రేడియో తయారుచేసిన నేర్పరి. యుద్ధమైన తరవాత లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో సమాజశాస్త్రం చదవటానికి చేరాడు. అక్కడ కీన్స్ సిద్ధాంతాలు చెవిని పడ్డవి. సమీకరణాలు చూడగానే ఇంజనీరుకు నీటి తొట్లు, గొట్టాలు, కవాటాలు కనిపించినవి. లీడ్స్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న స్నేహితుడు వాల్టర్ న్యూలిన్ సహాయంతో, లండను దగ్గర క్రాయిడన్‌లో ఒక మోటారుషెడ్డులో, 1949 వేసవిలో యంత్రాన్ని నిర్మించాడు. ఆ ఏడు నవంబరులో లయొనెల్ రాబిన్స్ నిర్వహించే గోష్ఠిలో దాన్ని నడిపి చూపాడు. తమాషా చూడవచ్చినవారు కొందరుండగా, నీరు పారటం మొదలుకాగానే అందరూ శ్రద్ధగా చూశారు. ఆ తరవాత ఫిలిప్స్‌ను అక్కడే ఉపాధ్యాయుడుగా తీసుకొన్నారు.

యంత్రం దాదాపు ఏడడుగుల ఎత్తు. పారదర్శకమైన ప్లాస్టిక్ తొట్లు, గొట్టాలు, కవాటాలు, తేలే బిరడాలు, కప్పీలు, దారాలు, గీతలు గీసే కలాలు - ఇవే దాని సామగ్రి. అడుగున ఒక తొట్టి ఉన్నది. అందులోని నీరు ప్రజలు రోజువారీ లావాదేవీలకు వాడే ద్రవ్యం. పంపు ఆ నీటిని పైకి తోడుతుంది. పైనుంచి దిగే ధార జాతీయాదాయం. దిగేటప్పుడు మొదట ఒక పాయ పక్కకు చీలుతుంది; అది పన్ను. ఆ నీరు ప్రభుత్వ ఖర్చుగా మళ్లీ కిందికి వచ్చి కలుస్తుంది. మిగిలిన ధారలోనుంచి మరొక పాయ ఇంకొక పక్కకు పోతుంది, అది పొదుపు. అది ఒక తొట్టిలో చేరి, అక్కడినుంచి పెట్టుబడిగా తిరిగివస్తుంది. నడుమ నిట్టనిలువుగా దిగేది వినియోగం. ఇంకా కిందికి వచ్చిన తరవాత కొంత నీరు దిగుమతుల పేరిట బయటికి పోతుంది. ఎగుమతుల పేరిట కొంత లోపలికి వస్తుంది. అన్నీ కలిసి అడుగు తొట్టికి చేరుకొంటవి. పంపు మళ్లీ పైకి తోడుతుంది.

కవాటాలను తిప్పి పన్నులు పెంచవచ్చు, ప్రభుత్వ ఖర్చు తగ్గించవచ్చు. ఏ మార్పు చేస్తే ఆదాయం ఎట్లా పెరిగిందో, ఎట్లా తగ్గిందో కలం కాగితం మీద గీసి చూపుతుంది. ఇటువంటి యంత్రాలు పన్నెండు, పద్నాలుగు వరకు తయారైనవని చెబుతారు. లీడ్స్, కేంబ్రిడ్జి, హార్వర్డు, మెల్‌బోర్న్, ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయాలకు చేరినవి. గ్వాటెమాలా కేంద్రబ్యాంకు కూడా ఒకటి కొన్నది.

ఒక పాత తగాదా

ఈ యంత్రం ఒక వివాదాన్ని తీర్చిన తీరు చెప్పుకోదగినది. వడ్డీ రేటును నిర్ణయించేదేమిటి? ప్రజలు చేత ఉంచుకోదలచిన ద్రవ్యమూ, దేశంలో ఉన్న ద్రవ్యమూ కలిసి నిర్ణయిస్తవని కీన్స్ పక్షం. అప్పు ఇవ్వవచ్చే పొదుపూ, అప్పు కోరే పెట్టుబడీ నిర్ణయిస్తవని డెన్నిస్ రాబర్ట్‌సన్ పక్షం. సంవత్సరాల తరబడి వాదం సాగింది. యంత్రంలో చూస్తే, వడ్డీ రేటు పొదుపు చేరే తొట్టిలోని నీటిమట్టాన్ని బట్టి మారుతుంది. ఆ మట్టాన్ని ఏ క్షణాన చూచినా అది నిలువ, కీన్స్ చెప్పినదదే. ఆ మట్టం మారేది లోపలికి వచ్చే పొదుపుకూ, బయటికి పోయే పెట్టుబడికీ గల తేడా వల్ల; అది ప్రవాహం. రాబర్ట్‌సన్ చెప్పినదదే. చెరువు మట్టాన్ని చెప్పేవాడూ, కాలువ వేగాన్ని చెప్పేవాడూ ఒకే చెరువును గురించి చెబుతున్నారు. నిలువకూ ప్రవాహానికీ గల భేదం మొదటి పాఠంలో ఎందుకు నేర్పుతారో దీనివల్ల తెలుస్తుంది.

వంద రూపాయలు అయిదువందలు కావటం

స్థూల అర్థశాస్త్రంలో విద్యార్థిని ఎక్కువగా ఆశ్చర్యపరిచేది గుణకం. ప్రభుత్వం ప్రతి నెలా 100 రూపాయలు అదనంగా ఖర్చుపెట్టి ఒక రోడ్డు పని చేయిస్తున్నదనుకొందాం. ఆ 100 కూలీలకు ఆదాయం. వారు నూటికి 80 వంతున ఖర్చుపెట్టి 20 దాచుకొంటారనుకొందాం. ఆ 80 దుకాణదారుల ఆదాయమయి, దానిలో 64 మళ్లీ ఖర్చవుతుంది. ప్రతి చుట్టుకూ ఒక నెల పడుతుందనుకొంటే, దేశపు నెలసరి ఆదాయం మొదటి నెల 100, రెండవ నెల 180, మూడవ నెల 244, నాలుగవ నెల సుమారు 295 చొప్పున మునుపటికంటె పెరిగి ఉంటుంది. పదవ నెలకు సుమారు 446 అవుతుంది. ఆపైన పెరుగుదల మందగించి 500 దగ్గర నిలుస్తుంది.

500 దగ్గరే ఎందుకు నిలవాలి? చెరువు ఈ ప్రశ్నకు జవాబు చెబుతుంది. వాగు పొంగి చెరువులోకి అదనంగా నీరు వస్తే మట్టం పెరుగుతుంది. మట్టం పెరిగినకొద్దీ తూములోనుంచి పోయే నీరు కూడా పెరుగుతుంది. వచ్చే నీరూ పోయే నీరూ సమానమైనప్పుడు మట్టం నిలకడకు వస్తుంది. ఇక్కడ వచ్చే అదనపు ఖర్చు నెలకు 100. పోయేది ఆదాయంలో అయిదో వంతు. అదనపు ఆదాయం 500 అయినప్పుడు దానిలో అయిదో వంతు 100. రాకా పోకా సరిపోయినవి. పొదుపు, పన్ను, దిగుమతి అన్నీ కలిసి ఆదాయంలో సగం పక్కకు పోయేట్లయితే, 200 దగ్గరే నిలకడ వస్తుంది. దీన్ని బట్టి సూత్రం తేలిక: ఒకటిని పక్కకు పోయే భాగంతో భాగిస్తే వచ్చేదే గుణకం. అయిదో వంతు పోతే 5, సగం పోతే 2. గుణశ్రేఢి లెక్క వచ్చిన విద్యార్థి దీన్ని సొంతంగా రాబట్టుకోగలడు.

అయితే గుణకం రెండు వైపులా పదునున్న కత్తి. ఖర్చు 100 తగ్గినా ఆదాయం అంతకంటె ఎక్కువగా తగ్గుతుంది. 1930 ప్రాంతాలలో జరిగినది అదే.

ఆలస్యం వల్ల వచ్చే చిక్కు

పై లెక్కలో పది నెలలు గడిచినా ఫలితం పూర్తిగా రాలేదని గమనించండి. తల తూము ఎత్తిన నాడే శివారు భూములకు నీరు అందదు. ఈ సంగతి ఎరిగిన లస్కరు శివారు రైతు కేకలు విని మాటిమాటికి తలుపులు ఎత్తడు, దించడు. అట్లా చేస్తే ఒకనాడు కాలువ ఎండుతుంది, మరొకనాడు గట్టు తెగుతుంది.

దేశ పాలనలోనూ ఇంతే. మాంద్యం వచ్చినదని లెక్కలవల్ల తెలియటానికి కొంతకాలం, నిర్ణయం చేయటానికి కొంతకాలం, ఆ నిర్ణయం ఫలించటానికి మరికొంతకాలం పడుతుంది. ఈ లోపల పరిస్థితి మారిపోవచ్చు. జేమ్స్ మీడ్ అనే ప్రొఫెసరు ఈ విషయం నేర్పటానికి ఫిలిప్స్ యంత్రాన్ని వాడాడు. ఒక విద్యార్థి ఆర్థికమంత్రి. పన్నులు, ఖర్చులు అతని చేతిలో. మరొక విద్యార్థి కేంద్రబ్యాంకు గవర్నరు. ద్రవ్యం, వడ్డీ అతని చేతిలో. ఒకరితో ఒకరు సంప్రదించకుండా ఇద్దరూ ఆదాయాన్ని సరిదిద్దబోతే నీటిమట్టం ఉయ్యాల ఊగినట్లు ఊగుతుంది. రెండు యంత్రాలను గొట్టాలతో కలిపి, ఒక దేశపు దిగుమతులు మరొక దేశపు ఎగుమతులయ్యే తీరును కూడా ఆయన చూపాడు. ఫిలిప్స్ 1954లో ప్రకటించిన వ్యాసంలో, యంత్రాలను అదుపు చేయటానికి ఇంజనీర్లు వాడే పద్ధతులను ఆర్థిక విధానానికి అన్వయించాడు.

మన దేశంలో గుణకం

ఇంగ్లండుకు కుదిరిన యంత్రం మన దేశానికి అట్లాగే కుదురుతుందా? ఈ ప్రశ్నను మొదట గట్టిగా అడిగినవారిలో వి. కె. ఆర్. వి. రావు ముఖ్యులు. ఆయన కేంబ్రిడ్జిలో కీన్స్ శిష్యులు. 1952లో ప్రకటించిన వ్యాసంలో ఆయన తన గురువు సిద్ధాంతాన్నే పరీక్షకు పెట్టారు. మాంద్యకాలంలో ఇంగ్లండులో ఫ్యాక్టరీలు ఖాళీగా ఉన్నవి. గిరాకీ పెరగగానే యంత్రాలు తిరిగి సరుకు వస్తుంది. ఆనాటి మన దేశంలో అట్లా కాదు. ఒకరు చేయగల సేద్యాన్ని ముగ్గురు పంచుకొని చేస్తుంటారు. పనిలేనట్లు కనిపించకపోయినా వారిలో ఇద్దరికి నిజంగా పని లేనట్లే. ఇది ప్రచ్ఛన్న నిరుద్యోగం. అదనంగా కూలి పొందినవాడు మొదట కొనేది తిండిగింజలు. వాన, నేల, ఎరువు, నీరు లేకుండా తిండిగింజలు ఆ నెలలోనే పెరగవు. కనుక గిరాకీ పెరిగితే పంట పెరగటానికి మారుగా ధర పెరుగుతుంది. రూపాయలలో గుణకం పనిచేస్తుంది, బస్తాలలో పనిచేయదు.

ఇది సామాన్యమైన విషయం కాదు. ధర పెరిగితే బస్తాలు నిలువ ఉన్న ఆసామికి లాభం. ఏ పూటకాపూట కొనుక్కొనే కూలికి నష్టం. ఆదాయం పెరిగిందని కాగితం మీద లెక్క తేలిన ఏడే అతని కంచంలో మెతుకులు తగ్గవచ్చు. 1952 నాటికీ ఈనాటికీ మన దేశంలో పరిశ్రమలు, సేద్యం, బ్యాంకులు ఎంతో మారినవి. అయినా రావుగారు నేర్పిన ప్రశ్న పాతబడలేదు: ఖర్చు పెరిగితే సరుకు పెరుగుతుందా, ధర పెరుగుతుందా?

నీటికి లేనిది

1958లో ఫిలిప్స్ మరొక వ్యాసం ప్రకటించాడు. 1861 నుంచి 1957 వరకు బ్రిటనులో నిరుద్యోగం తక్కువైన ఏళ్లలో కూలిరేట్లు వేగంగా పెరిగినవని, నిరుద్యోగం హెచ్చైన ఏళ్లలో అవి మెల్లగా పెరిగినవని గీత గీసి చూపాడు. అదే ఫిలిప్స్ రేఖ. కొంచెం ద్రవ్యోల్బణాన్ని ఓర్చుకొంటే నిరుద్యోగాన్ని ఎప్పటికీ తగ్గించి ఉంచవచ్చునని కొందరు దీన్నుంచి భావించారు. మిల్టన్ ఫ్రీడ్‌మన్, ఎడ్మండ్ ఫెల్ప్స్ 1960 దశకం చివర దీనికి అభ్యంతరం చెప్పారు. ధరలు ఏటా పెరుగుతవని తెలిసిన కార్మికుడు ఆ పెరుగుదలను ముందే లెక్కవేసుకొని ఎక్కువ కూలి అడుగుతాడు. వ్యాపారి ముందే ధర పెంచుతాడు. అప్పుడు ధరలు పెరుగుతవి గాని నిరుద్యోగం తగ్గదు. 1970 దశకంలో పెట్రోలు ధరలు కూడా ఒక్కసారిగా పెరగగా, అనేక దేశాలలో ద్రవ్యోల్బణం, నిరుద్యోగం రెండూ కలిసి పెరిగినవి.

ఇక్కడే నీటి ఉపమానం ఆగిపోతుంది. తలుపు ఎత్తితే నీరు పారుతుంది. ఎత్తబోతున్నారని తెలిసి ముందే దారి మార్చుకోదు. మనుష్యులు మార్చుకొంటారు. రేపటిని గురించి వారి ఊహే ఈనాటి ధరను కొంత నిర్ణయిస్తుంది. కేంద్రబ్యాంకులు తమ ఉద్దేశాన్ని ముందుగా బహిరంగంగా చెప్పటం నేర్చుకొన్నది ఇందుకే. మన దేశంలో 2016లో రిజర్వు బ్యాంకు చట్టాన్ని సవరించి ఆరుగురు సభ్యుల ద్రవ్య విధాన సంఘాన్ని ఏర్పాటు చేశారు. ద్రవ్యోల్బణం నూటికి 4, దానికి పైన రెండు, కింద రెండు దాటరాదని లక్ష్యం ప్రకటించారు. ఆ అంకెను ప్రజలు నమ్మినంతవరకే దాని బలం.

విద్యార్థి చేయవలసినది

ఫిలిప్స్ యంత్రాలు తరవాత మూలపడ్డవి. వాటి పని ఎలక్ట్రానిక్ కంప్యూటర్లు అందుకొన్నవి. ఒకటి లండను సైన్సు మ్యూజియానికి చేరింది. కేంబ్రిడ్జిలో ఒకదాన్ని బాగుచేసి మళ్లీ నీరు పారించారు. యంత్రం పాతబడినా అది నేర్పే పద్ధతి పాతబడలేదు.

పత్రికలో ఆర్థిక వార్త చదివినప్పుడు విద్యార్థి నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ అంకె నిలువా, ప్రవాహమా? ఈ ఖర్చు ఎవరి ఆదాయం, దానిలో ఎంత పక్కకు పోతుంది? ఫలితం శివారుకు చేరటానికి ఎంతకాలం పడుతుంది? ఇది తెలిసి జనం తమ నడక ఎట్లా మార్చుకొంటారు? మొదటి మూడింటికి నీటి యంత్రం దారి చూపుతుంది. నాలుగవదానికి మనుష్యులను చూడవలసిందే. ఈ నాలుగూ అడగటం అలవడితే సూత్రాలను వల్లె వేయనక్కరలేదు. పన్నులు, ధరలు, ఉద్యోగాలను గురించి పాలకులు చెప్పే మాటలలో లెక్క ఎంతో, ఆశ ఎంతో కూడా తనకు తానే తేల్చుకోగలడు. వోటుహక్కు గల పౌరునికి ఇది పరీక్ష మార్కులకంటె విలువైన చదువు.